కేకు కోట, ఎనిమిది మంది మేస్త్రీలు

శుక్రవారం పొద్దున్నే రేణుక పెట్టుకున్నది ఒక్కటే పని. సాయంత్రం ఐదింటిలోగా మూడంతస్తుల కేకు కోటను నిలబెట్టాలి. కూతురు అక్షితకు ఆ రోజు ఐదేళ్లు నిండుతాయి. మస్కట్‌లో స్లాబులకు సెంట్రింగ్ కొట్టే భర్త సంజీవ్ పుట్టినరోజుకు వస్తానన్నాడు. కంపెనీ సెలవు ఇవ్వలేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి, అంటే రెండు నెలలుగా, అక్షిత తండ్రితో ఫోన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు. ఏం కావాలని తల్లి అడిగితే మాత్రం "కోట" అంది. కోట చూశాకైనా పిల్ల తండ్రితో నోరు విప్పుతుందని రేణుక ఆశ. అంతకు మించి ఆమె దగ్గర ఉపాయమేదీ లేదు.

జగిత్యాల వెళ్లి పది రోజులు కేకుల పని నేర్చుకుంది కాబట్టి కోట ఎలా నిలుస్తుందో ఆమెకు తెలుసు. కింది కేకులో లావుపాటి స్ట్రాలు దింపి, కేకు ఎత్తుకు సమంగా కత్తిరించి, వాటి మీద అట్ట పెట్టి పై కేకును కూర్చోబెట్టాలి. పై బరువంతా స్ట్రాలే మోయాలి. మధ్యాహ్నానికి మూడంతస్తులూ లేచాయి. చక్కెర ముద్దను పల్చగా ఒత్తి గోడలు కప్పింది. ఐస్‌క్రీం కోన్లు బోర్లించి బురుజులు పెట్టింది. కోరుట్లలోని ఆ రెండు గదుల ఇంట్లో అంత అందమైన వస్తువు అదివరకు లేదు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. మొగుడికి చూపించాలని బుద్ధి పుట్టింది.

శుక్రవారం అక్కడ సెలవు. వీడియో కాల్‌లోకి వచ్చింది సంజీవ్ ఒక్కడే కాదు. క్యాంపు గదిలో ఉండే ఎనిమిది మందీ మంచాలు దిగి వచ్చారు. అందరూ సెంట్రింగ్ మేస్త్రీలే.

"గీ గొట్టాలు బరువు ఆగుతయా?" అన్నాడు సంజీవ్.

"ఆగుతయి. నేర్చుకున్న గద," అంది రేణుక.

"ఆగుడు తర్వాత ముచ్చట. వదినా, పై అంతస్తు ఎడమకు ఒరిగింది," అన్నాడు వీర్నపల్లి మహేశ్.

"అర ఇంచు," అని బోయినపల్లి ఎల్లన్న ఖరారు చేశాడు.

రేణుక కంటికి ఏ వంకరా కనిపించలేదు. కానీ ఏళ్ల తరబడి గోడలు నిలబెట్టినవాళ్లు ఎనిమిది మంది ఒకే మాట అంటుంటే ఎదురు చెప్పలేక పై కేకును కుడికి జరిపింది. ఇంకొంచెం అన్నారు. జరిపింది. నాలుగోసారి జరిపాక, దారానికి తాళంచెవి కట్టి పక్కన వేలాడదీయమన్నారు. చూస్తే ఆ దారం కూడా ఎడమకే ఒరిగి కనిపించిందట! అప్పుడు తేలింది, వంకరగా ఉన్నది పప్పు డబ్బాకు ఆనించిన ఫోను అని.

"గట్లనా! మంచిది, మల్ల ఎనుకటి లెక్కనే పెట్టు," అన్నాడు సంజీవ్, తనకేమీ సంబంధం లేనట్టు.

రేణుక పళ్లు కొరుక్కుంటూ మళ్లీ జరిపింది. ఈ గుంజులాటకు స్ట్రాలు వదులయ్యాయి. గోడల మీద సన్నటి పగుళ్లు లేచాయి. ఆమెకు ఏడుపొచ్చింది.

"పగులవా మరి? స్లాబు ఏసినంక నీళ్లు పట్టాలె," అని గదిలో ఎవరో అన్నారు. మిగతావాళ్లు పడీపడీ నవ్వారు.

గుమ్మం దగ్గర కూర్చున్న అత్త నాగవ్వ నవ్వలేదు. పోయినేడు సొంతూరు రుద్రంగిలో కొడుకు కట్టిస్తున్న ఇంటికి స్లాబు పడితే, ఇరవై రోజులు పూటపూటా బిందెలతో నీళ్లు పట్టింది ఆమే. అది నవ్వే సంగతి కాదని ఆమెకు బాగా తెలుసు. కోడలు పిల్లకు కొత్త గౌను తొడగడానికి లోపలి గదిలోకి పోగానే లేచింది.

రేణుక తిరిగి వచ్చేసరికి రెండు చెంబులు అయిపోయి మూడోది నడుస్తోంది. ఫోన్‌లో ఎనిమిది మందీ ఒక్కసారే అరుస్తున్నారు.

"ఆగుండ్రి, గీ అంచులు గిట్ల తడువాలె," అని నాగవ్వ వాళ్లకు నింపాదిగా చెబుతోంది.

"అత్తమ్మా, ఏం జేసినవ్!"

"నీళ్లు పడుతున్న బిడ్డా. మీకెవ్వలికి యాది లేదాయె."

చక్కెర గోడలు కరిగి జారాయి. కింది కేకు నీరు తాగి మెత్తబడింది. స్ట్రాలు ఒక పక్కకు వాలాయి. పై అంతస్తు మెల్లగా, ఈసారి నిజంగానే, ఎడమకు ఒరిగి నేల బండల మీద పడింది. మిగతా రెండూ దాని వెనకే పోయాయి. రేణుక అక్కడే చతికిలబడింది. ఇంకేం చూసి పిల్ల తండ్రితో మాట్లాడుతుంది? ముసలామె ఖాళీ చెంబు పట్టుకుని, "మంచికే పోసిన బిడ్డా," అంది చిన్న గొంతుతో. ఆమెను తిట్టే ఓపిక కూడా రేణుకకు లేకపోయింది.

కొత్త గౌనులో అక్షిత గది తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. ఏడుస్తుందనుకున్నారు. నేరుగా ఫోన్ దగ్గరికి నడిచి, రెండు చేతులతో దాన్ని తీసి మొహానికి దగ్గరగా పెట్టుకుంది.

"బాపూ, కోట కూలింది. బాపమ్మ నీళ్లు పోసింది."

"చూసిన బిడ్డా," అన్నాడు సంజీవ్.

"నువ్వచ్చి కట్టు. అమ్మకు కట్టరాదు."

రేణుకకు ఆ మాట చురుక్కుమంది. అయినా నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. రెండు నెలల తర్వాత పిల్ల మాట్లాడింది.

"అస్త బిడ్డా. తప్పకుంట అస్త."

"ఏ తారీఖు?"

కోట ఎందుకు కూలిందో ఆ ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరూ చెప్పగలరు. దీనికి మాత్రం ఒక్క మేస్త్రీ కూడా నోరు మెదపలేదు.