ఇక్కడ ఏమీ లేదు

ఆ రోజు పొద్దున తాళాల మేస్త్రి చేయాల్సిన పనులు మూడే. వెనక గది తలుపు మడతబందుకు నూనె పెట్టడం, తొమ్మిదింటికి అచ్చాపీసుకు వెళ్ళి బీరువా తాళం మార్చడం, మధ్యాహ్నం దాకా ఇంటి ఛాయలకు రాకుండా ఉండడం. మూడోది భార్య పెట్టిన షరతు.

ఆమె కుట్టుపని నేర్పే టీచరు. ఇన్నాళ్ళూ ఇంటి వెనక గదిలోనే చుట్టుపక్కల ఆడవాళ్ళకు నేర్పుతూ వచ్చింది. ఇప్పుడు పెద్ద శిక్షణ సంస్థలో ఒక్కటంటే ఒక్క ఉద్యోగం ఖాళీ పడితే, వడపోతలన్నీ దాటి చివరి ముగ్గురిలో నిలిచింది. ఆ రోజు పదకొండింటికి పరీక్ష. ప్రిన్సిపాల్ మేడమ్ లాప్‌టాప్‌లో చూస్తూ ఉంటుంది. వాళ్ళు అప్పటికప్పుడు పంపే పువ్వుల డిజైనును కొత్త రకం మిషను మీద చొక్కా కాలరుకు కుట్టి చూపించాలి. ఆ మిషను ఇంటికి వచ్చి పది రోజులైంది. మేస్త్రి దానికి చేసిన సేవ ఒకటే: ఎవరూ ఎత్తుకుపోకుండా నాలుగు బోల్టులతో బల్లకు బిగించి, కింద ఒక తాళం కప్ప తగిలించాడు.

మేస్త్రి స్వభావమే అంత. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో తాళాలు వేస్తూ తీస్తూ గడిపినవాడికి లోకమంతా ఒక పెద్ద తలుపులాగా, అందులో మనుషులందరూ ఇటువైపు వాళ్ళు, అటువైపు వాళ్ళుగా కనిపిస్తారు. కొట్టుకొచ్చిన ప్రతివాడికీ ఒక పాఠం చెప్పి పంపేవాడు. "తలపిన్నుతో తాళం తీయడం సినిమాల్లోనేనండీ. నిజం తాళానికి నిజం బుర్ర కావాలి."

అలాంటివాడి ఇంట్లో మూడు రోజులుగా దొంగ ఉన్నాడు.

సంగతి ఏమిటంటే, రౌటరులో ఎవరెవరు ఉన్నారో ఫోనులో చూడవచ్చని మేస్త్రికి ఈమధ్యే తెలిసింది. చూశాడు. ఉండాల్సినవి నాలుగు. తన ఫోను, భార్య ఫోను, ఆమె లాప్‌టాప్, అత్తగారు బొమ్మలు చూసుకునే టాబ్లెట్. వాటి కింద ఐదో పేరు ఉంది. మనిషి పేరు కాదు, ఫోను పేరూ కాదు. రెండు ఇంగ్లీషు అక్షరాలు, వాటి తోకకు నాలుగు అంకెలు. జైలు ఖైదీ నంబరులాగా ఉంది.

మేస్త్రికి కోపం రాలేదు, కుతూహలం పుట్టింది. తాళం పగిలిందని ఎవరైనా పిలిస్తే అతను ముందు చూసేది పోయిన సామాను కాదు, పగిలిన తీరు. అందుకే ఎవరికీ చెప్పకుండా కాపు కాశాడు. ఐదోవాడు పొద్దున ఆరున్నరకు వస్తున్నాడు, ఏడుంబావుకు వెళ్ళిపోతున్నాడు. మూడు రోజులూ అంతే, నిమిషం తేడా లేదు. ఆ వేళకు మెలకువగా ఉండేదెవరా అని వరండాలోకి వచ్చి చూస్తే, ఎదురు వాటాలో పళ్ళ డాక్టరు కిటికీలో దీపం వెలుగుతోంది. ఆరున్నరకు దీపం, ఏడుంబావుకు చీకటి. ఇంకేం కావాలి?

మేస్త్రి వరండాలో నిలబడి ఇదంతా కనిపెడుతున్నంతసేపూ, వెనక గదిలో భార్య తలుపేసుకుని పరీక్షకు సాధన చేసుకుంటూ ఉండేది.

పరీక్ష రోజు ఏడుంబావుకు ఐదోవాడు వెళ్ళిపోగానే మేస్త్రి పని మొదలుపెట్టాడు. పాస్‌వర్డు మారిస్తే దొంగ కొత్తది కనుక్కుంటాడు. అసలు తలుపే కనపడకపోతే? రౌటరులో 'పేరు దాచు' అని ఒక మీట ఉంది. దాచేశాడు. ఎందుకైనా మంచిదని పేరు కూడా మార్చి, దొంగ చూపు ఇంగ్లీషు మీద ఉంటుంది కాబట్టి తెలుగులో పెట్టాడు: 'ఇక్కడ ఏమీ లేదు'. తర్వాత రౌటరు లోపలికి వెళ్ళే పాస్‌వర్డును కళ్ళు మూసుకుని పద్దెనిమిది మీటలు నొక్కి తయారు చేశాడు. తాళం వేసినవాడికి కూడా గుర్తుండనిదే గట్టి తాళమని అతని సిద్ధాంతం. దాన్ని కాగితం మీద రాసి, స్వయంగా చేసుకున్న మూడు తాళాల ఇనప్పెట్టెలో పెట్టాడు. ఒక తాళంచెవి తన మొలతాడుకు, ఒకటి భార్య సూదుల డబ్బాలో, ఒకటి అత్తగారి అధీనంలో. ఎవరూ చూడకుండా నాలుగు సామాన్లలోనూ కొత్త పేరు కొట్టి కలిపి, తృప్తిగా కాఫీ తాగాడు.

బయలుదేరుతూ ఎదురు వాటా తలుపు తట్టాడు. దొంగ ముఖం ఎలా ఉందో చూడాలనిపించింది.

"డాక్టరుగారూ, మీ నెట్ బాగా వస్తోందా?" అన్నాడు, వాతావరణం గురించి అడిగినట్టు.

"భేషుగ్గా. ఏం, నోరు కొంచెం తెరవండి." డాక్టరుకు ఎవరు మాట్లాడినా ముందు పళ్ళు చూడడం అలవాటు. "అన్నట్టు మేస్త్రిగారూ, తమాషా చూశారా? ఈ పొద్దుట్నుంచీ లిస్టులో పేరు లేని నెట్ ఒకటి కనిపిస్తోంది. 'దాచిన నెట్‌వర్క్' అని చూపిస్తోంది. ఇంతమందిలో దాచుకోవాల్సినంత పని ఎవరికి ఉందంటారు?"

"నాకేం తెలుసండీ," అని మేస్త్రి నోరు మూసుకున్నాడు.

"పై వాటాల వాళ్ళు కూడా అదే అడుగుతున్నారు. నిన్నటిదాకా ఎవరి నెట్ ఎవరిదో పట్టించుకున్నవాళ్ళే లేరు. ఇప్పుడు మెట్ల మీద అందరికీ అదే పని."

నిజమే, మెట్ల మీద ముగ్గురు నలుగురు ఫోన్లు పట్టుకుని పైకీ కిందకీ తిరుగుతున్నారు. ఎక్కడ సిగ్నలు గీతలు ఎక్కువ వస్తే అది ఆ దాచినవాళ్ళ ఇల్లట. మూత వేసిన గిన్నెనే అందరూ తీసి చూస్తారన్న మాట మేస్త్రికి గుర్తొచ్చింది గానీ, దిగుతున్న మెట్లు మళ్ళీ ఎక్కడం అతనికి చిన్నతనంగా తోచింది.

అచ్చాపీసులో తాళం మారుస్తున్నంతసేపూ మనసు ఇంటి దగ్గరే ఉంది. ఐదోవాడు ఇప్పుడేం చేస్తూ ఉంటాడు? వెతుక్కుంటున్నాడా, వదిలేశాడా? పదిన్నరకు ఆ ఉబలాటం ఆపుకోలేక షరతు మరచి ఇంటికి వచ్చేశాడు.

గుమ్మంలోనే భార్య ఎదురైంది. మొహం పాలిపోయి ఉంది.

"ఏమండీ, మన నెట్ పోయింది."

"పోలేదే. నీ లాప్‌టాప్‌లో వస్తోంది చూడు."

"లాప్‌టాప్‌లో వస్తోంది. మిషనులో రావట్లేదు. లిస్టులో ఊరందరివీ ఉన్నాయి, మనది లేదు."

"మిషనుకు నెట్ ఏమిటే? కుట్టు మిషను కదా."

"డిజైను దానిలోకి ఎలా దిగుతుందనుకున్నారు, పోస్టులోనా? పది రోజుల్నుంచీ పొద్దున్నే దించుకుని కుడుతున్నాను కదా."

"పొద్దున్నే అంటే?"

"ఆరున్నర నుంచి ఏడుంబావు దాకా. తర్వాత వంట మీ తాతొచ్చి చేస్తాడా?"

మేస్త్రి నెమ్మదిగా వెనక గదిలోకి వెళ్ళి, వంగి, మిషను పక్కన అతికించిన చీటీ చదివాడు. రెండు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, దొంగను తన చేత్తోనే నాలుగు బోల్టులతో బల్లకు బిగించి, ఎదురింటివాణ్ణి అనుమానించాడు.

చెప్పక తప్పలేదు. చెప్పాడు. భార్య గడియారం వైపు చూసింది. పది ముప్పై ఎనిమిది. అదే తిట్టు.

"సరే, దాచిన పేరేమిటో చెప్పండి, కొడతాను."

"ఇక్కడ ఏమీ లేదు."

"నా దగ్గర వేళాకోళాలొద్దు."

"అదేనే పేరు. తెలుగులో."

మిషను తెర అగ్గిపెట్టెంత. అందులో ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలే. దానికి తెలుగు నేర్పడానికి ఇరవై రెండు నిమిషాలు చాలవు. ఫోను నుంచి ఇద్దామంటే ఆ గదిలో సిగ్నలు ఏనాడూ వచ్చి చావలేదు. మిషనునే హాల్లోకి తెద్దామంటే బోల్టులు ఎవరో సామాన్యుడు బిగించినవి కావు.

"మళ్ళీ పేరు మార్చేయండి, ఇంగ్లీషులో," అంది భార్య.

"మార్చాలంటే పాస్‌వర్డు కావాలి. ఇనప్పెట్టెలో ఉంది."

మొలతాడు తాళంచెవి వచ్చింది. సూదుల డబ్బాలోది వచ్చింది. అత్తగారు కుర్చీలో కూర్చుని టాబ్లెట్ చూస్తోంది. ఆమె చూపు ఎత్తలేదు.

"అత్తయ్యగారూ, మీ దగ్గరున్న తాళంచెవి ఒకసారి..."

"ఎవరికీ కనపడకుండా దాచమన్నావు కదా నాయనా. దాచాను."

"ఎక్కడ?"

"నాకూ కనపడట్లేదు."

"అమ్మా, కాస్త గుర్తు తెచ్చుకోవే," అంది కూతురు.

"గట్టిగా దాచానే తల్లీ. మీ ఆయన పనితనం చూసి నేర్చుకున్నదే."

మేస్త్రి పనిముట్ల సంచి దించి ఇనప్పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఊళ్ళో అతను ఐదు నిమిషాల్లో తీయలేని తాళం లేదు, ఒక్కటి తప్ప. అది ఇదే. దీన్ని తీయగలిగినవాడు పుట్టలేదని పదేళ్ళుగా చెప్పుకుంటున్నాడు. ఆ మాట అబద్ధమైతే బాగుండునని ఆ రోజే మొదటిసారి కోరుకున్నాడు. పది నలభై ఐదైంది. చెమట చుక్క టపీమని తాళం మీద పడింది. తాళం కదలలేదు.

భార్య లాప్‌టాప్ ముందు కూర్చుని కాలరు గుడ్డను మడత పెడుతోంది, విప్పుతోంది. మేస్త్రి అది చూశాడు. లేచి వెళ్ళి ఎదురు వాటా తలుపు తట్టాడు.

డాక్టరు అంతా విని, నవ్వు ఆపుకోవడానికి రెండు నిమిషాలు తీసుకున్నాడు. ఆ రెండు నిమిషాలూ అతను మేస్త్రికి బాకీ పడ్డట్టే.

"అయితే ఆ పేరులేని నెట్ మీదేనా? దాస్తే ఏం లాభమండీ? పేరు బయట పెట్టకపోతే మీ ఫోనే దాన్ని వెతుక్కోవాలి. ఎక్కడికెళ్తే అక్కడ పేరు పెట్టి పిలుస్తుంది, ఉన్నావా ఉన్నావా అని. మా తమ్ముడికి ఇదే పని, చెప్తుంటాడు."

పొద్దుటి నుంచీ తన జేబులోని ఫోను వీధంతా, అచ్చాపీసంతా 'ఇక్కడ ఏమీ లేదు, ఉన్నావా?' అని కేకలేస్తూ తిరిగిందన్న మాట. తలుపు దాచి, తాళంచెవికి దండోరా అప్పజెప్పినట్టుంది తన పని అనుకున్నాడు మేస్త్రి.

"అదలా ఉంచండి డాక్టరుగారూ. ఇప్పుడు తీసేదెలా?"

"రౌటరు వెనకాల చిన్న చిల్లు ఉంటుంది. సన్నటిదేదైనా దూర్చి పదిదాకా లెక్కపెట్టండి. మీరు పెట్టినవన్నీ పోయి, కొన్ననాటి పేరు, పాస్‌వర్డు వస్తాయి. అవి అడుగున చీటీ మీద ఉంటాయి."

"అంతేనా? మరి నేను నొక్కిన పద్దెనిమిది మీటలూ?"

"అవి బయటివాడి కోసం. ఇంట్లోవాళ్ళకు చిల్లు చాలు."

మేస్త్రి పరుగున వచ్చి సంచిలోని పనిముట్లన్నీ ప్రయత్నించాడు. అన్నీ బీరువాలకు సరిపడ్డవి, ఈ చిల్లుకు లావు. భార్య సూదులు దూరాయి గానీ పొట్టి. పది యాభై రెండు. అప్పుడు అత్తగారు టాబ్లెట్ పక్కన పెట్టి లేచింది. తల వెనక్కి చెయ్యి పోనిచ్చి, ముడిలోంచి తలపిన్ను లాగి, వంపు తీసి, రౌటరు వెనకాల దూర్చింది.

"ఒకటి... రెండు... నువ్వు ఊపిరి పీల్చుకో నాయనా, మూడు..."

పది అనేసరికి రౌటరు దీపాలన్నీ ఆరిపోయాయి. ఆరినవి వెలగడానికి నాలుగు నిమిషాలు పట్టింది. తర్వాత అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని, రౌటరును బోర్లించి, వెనక గదిలో ఉన్న కూతురికి వినపడేలా ఒక్కో అక్షరమే చదివింది. ఆమె గొంతు మొదటి నుంచీ పెద్దది. వీధి తలుపు తీసి ఉంది, మెట్ల మీద జనం ఉన్నారు, ఆ విషయం ఎవరికీ తట్టలేదు.

కూతురు వాటిని ముందు లాప్‌టాప్‌లో, తర్వాత మిషనులో కొట్టింది. పదకొండుకు అర నిమిషం ఉందనగా మిషను పచ్చ దీపం వెలిగింది. లాప్‌టాప్‌లో మేడమ్ ముఖం కనిపించింది. మేస్త్రి కొత్తగా నూనె పెట్టిన తలుపును చప్పుడు కాకుండా మూసి, దాని ముందే నేల మీద చతికిలబడ్డాడు. లోపల మిషను సన్నగా, ఆగకుండా కుడుతోంది. మూడు రోజులు తను కాపు కాసిన దొంగ చప్పుడు అదేనన్నమాట. బాగానే ఉందనిపించింది.

సాయంత్రం నాలుగింటికి ఫోను వచ్చింది. ఉద్యోగం ఆమెకే. కుట్టు తీరుగా ఉందని, ముఖ్యంగా మనిషి ఎంతో నిబ్బరంగా ఉందని మేడమ్ మెచ్చుకుందట. "ఆ నిబ్బరం ఎలా వచ్చిందని అడిగారండీ. ఇంట్లోనే అలవాటైందని చెప్పాను," అంది భార్య.

మర్నాడు పొద్దున మేస్త్రి అలవాటు చొప్పున లిస్టు తెరిచాడు. ఐదు పేర్లు ఉండాలి. పదకొండు ఉన్నాయి. ఎదురు తలుపు తట్టాడు.

"చీటీ మీది అక్షరాలు మీ అత్తగారు అంత స్పష్టంగా చదువుతుంటే వినకుండా ఎలా ఉంటామండీ?" అన్నాడు డాక్టరు. "పై వాటాల వాళ్ళయితే రాసుకున్నారు కూడా. ఊరికే, తెలుసుకుందామని."

ఈసారి పాస్‌వర్డు భార్య మార్చింది. పేరు దాచలేదు. ఇనప్పెట్టె మూడో తాళంచెవి ఆ వారమే టాబ్లెట్ సంచిలో దొరికింది. మేస్త్రి పెట్టె తెరిచి, పద్దెనిమిది అక్షరాల కాగితాన్ని చింపేసి, ఆ చోట అత్తగారి తలపిన్ను పెట్టి మూడు తాళాలూ వేశాడు.