ఏటి అవతల సున్నా మంది

ఒక పెద్ద అడవిలో, జాబితా ప్రకారం కొండవైపు నాలుగువందల రెండు, ఏటి అవతల రెండువందల ముప్పై ఎనిమిది, వెరసి ఆరువందల నలభై ప్రాణులు గురగుర దగ్గుకి భయపడి బతుకుతున్న ఏడాది, నర్సు కంటకమ్మ వీపు మీద ముళ్ళు సగానికి పైగా ఖాళీ అయిపోయాయి.

కంటకమ్మ ముళ్ళపంది. టీకా వేయడానికి ఒక్కో ప్రాణికి ఒక్కో కొత్త ముల్లు పీకేది. ఒకరికి వాడింది ఇంకొకరికి వాడేది కాదు. మందు పక్క అడవి ఏనుగులు తయారుచేసి, వెదురు గొట్టాల్లో పోసి పంపేవి. టీకా పడ్డాక కుడి చెవికి పసుపు చుక్క పెట్టేది. చెవి కనబడని పక్షులకైతే ముక్కు మీద.

టీకా కేంద్రం కొండ కొమ్మున ఉండేది. అక్కడే ఎందుకంటే, రాజుగారి గుహ అక్కడుంది కాబట్టి. ప్రారంభోత్సవం రోజు తీగ కత్తిరించడానికి సింహరాజు ప్రచండకేసరి ఎక్కువ దూరం నడవకూడదు కదా! కేంద్రం పదకొండింటికి తెరిచి ఒంటిగంటకి మూసేవారు. అందులో పన్నెండు నుంచి ఒంటిగంట దాకా భోజన విరామం.

కార్యదర్శి నక్క దస్త్రయ్య రోజూ కేంద్రం ముందున్న బండ మీద బొగ్గుతో లెక్క రాసేవాడు. మొదటి వారం అంకె కుందేలులా ఎగిరింది. తర్వాత నాలుగువందల దగ్గర కూలబడింది. నూటికి అరవై రెండున్నర. పదిరోజులు చెరిపి, మళ్ళీ అదే రాశాడు.

కంటకమ్మకి కారణం తెలుసు. కొండవైపు ఇద్దరే మిగిలారు. రాజుగారికని రెండుసార్లు గొట్టం పంపితే, "ప్రభువులు నిద్రలో ఉన్నారు" అని వెనక్కొచ్చింది. దస్త్రయ్య మాత్రం "నాది ఆఖరున వేద్దువులే, ముందు ప్రజలు" అంటూ త్యాగం చేస్తున్నాడు. మిగతా అందరూ ఏటి అవతలివాళ్ళే.

"కార్యదర్శిగారూ, గుడ్లగూబలకి పగలు కళ్ళు కనబడవు. నీటిపిల్లులు ఈదగలవు గాని కొండెక్కలేవు. తాబేళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. గొట్టాలు బుట్టలో పెట్టుకుని నేనే వెళ్ళొస్తాను. తొలకరికి ఎనిమిది రోజులే ఉంది. ఏరు పొంగితే నాలుగు నెలలు అటు పోవడానికి ఉండదు. ఆ తడి బొరియల్లో దగ్గు మొదలైతే పిల్లలు బతకరండీ" అంది కంటకమ్మ.

"నువ్వు కదిలితే కేంద్రం కదిలినట్టేనమ్మా. కేంద్రం కదిలితే ప్రారంభోత్సవం మళ్ళీ చెయ్యాలి. రాజుగారికి తీరికేదీ?"

"ప్రారంభోత్సవం లేకుండానే వేస్తాను."

"ప్రారంభించకుండా ముగిస్తావా? ఏ అడవిలో ఉందమ్మా ఆ పద్ధతి?" అని దస్త్రయ్య బొగ్గు చేతికి తీసుకున్నాడు.

ఆ మర్నాడు కబురొచ్చింది. ఏనుగుల అడవి నుంచి తనిఖీ అధికారి మందయానమ్మ నాలుగు రోజుల్లో వస్తోందట. నూటికి నూరు చేసిన అడవికి 'దగ్గు లేని అడవి' అని బోర్డు ఇస్తారట. దగ్గు భయంతో తాము మూసేసిన ఉప్పునేలకి మళ్ళీ వెళ్ళనిస్తారట. ఉప్పు నాకి మూడు నెలలైన కొండవైపు జనానికి నోరూరిపోయింది.

దస్త్రయ్య బండ ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడు. ఆరువందల నలభైలో నాలుగువందలు. పై అంకె పెంచాలంటే ఏరు దాటాలి, బురద తొక్కాలి. కింది అంకె తగ్గించాలంటే?

లేచి ఒక గంతు వేశాడు.

ఆ సాయంత్రమే సభలో తీర్మానం పెట్టాడు. "టీకా కేంద్రానికి రానివాడు అడవిలో ఉంటున్నట్టు ఆధారం లేదు. చుక్క లేనివాడి పేరు జాబితాలోంచి కొట్టివేయడమైనది." ప్రచండకేసరి ఆవలిస్తూ పంజా ముద్ర వేశాడు. చదివే అలవాటు ఆయనకి లేదు.

గుమాస్తా వడ్రంగిపిట్టకి రూలంటే ప్రాణం. జాబితా ఉన్న బెరడు ముందు కూర్చుని, చుక్క లేని పేరు కనబడితే చాలు, టక్కుటక్కుమని పొడిచేసింది. మధ్యలో ఎక్కడా తలెత్తలేదు. చివర్న మొత్తాలు చెక్కింది. కొండవైపు: నాలుగువందలు. ఏటి అవతల: సున్నా.

నాలుగువందలకి నాలుగువందలు! బండ మీద దస్త్రయ్య నిలువెత్తున వంద రాశాడు. కొండవైపు కోతులు డప్పులు కొట్టాయి.

సరిగ్గా ఆ డప్పుల మధ్యలోకి, రొప్పుతూ, మెల్లయ్య తాత వచ్చాడు. తాబేలు. ఏటి అవతల నుంచి పంతొమ్మిది రోజులు నడిచాడు.

"హమ్మయ్య! పొడు తల్లీ, మెడ మీద పొడుస్తావా, కాలి మీదా?" అని మెడ చాచాడు.

కంటకమ్మ ముల్లు పీకబోయింది. దస్త్రయ్య అడ్డొచ్చాడు. "ఆగమ్మా! ఈయన పేరు జాబితాలో లేదు."

"నేను బయల్దేరినప్పుడు ఉందే!"

"మీరు వచ్చేలోపు అడవి చాలా ముందుకెళ్ళిపోయింది తాతా."

"అడవి ఎటెళ్ళిందిరా? ఇక్కడే ఉందిగా!"

"లెక్కల్లో వెళ్ళింది. ఇప్పుడు మీకు వేశామనుకోండి, నాలుగువందల మంది ఉన్న అడవిలో నాలుగువందల ఒక్క టీకా. నూటికి నూరుంపావు. ఏనుగులు నవ్వవూ?"

"నా మెడ చూసి నవ్వమను, నాకేం పర్లేదు" అన్నాడు తాత.

దస్త్రయ్య వినలేదు. పైగా ఇంకో మాటన్నాడు. "కంటకమ్మా, మిగిలిన రెండువందల నలభై గొట్టాలూ కట్ట కట్టి ఉంచు. మన అడవి పూర్తయింది కదా, మందయానమ్మగారు వెనక్కి తీసుకెళతారు."

కంటకమ్మకి ఒళ్ళు మండింది. ఉన్న కాసిని ముళ్ళూ నిక్కబొడుచుకున్నాయి. గొట్టాలు వెళ్ళిపోతే ఇంకేముంది? తాతని కేంద్రం వెనక నీడలో కూర్చోబెట్టి, "నాలుగు రోజులు ఓపిక పట్టు తాతా. ఎలాగైనా నీకు వేసే పంపిస్తాను" అంది.

"ఓపికా? అది నా దగ్గర కావలసినంత ఉంది, నీకూ కాస్త ఇవ్వనా?" అన్నాడు తాత.

నాలుగో రోజు మందయానమ్మ వచ్చింది. దండ వేస్తే తీసి పక్కన పెట్టింది. పొగిడితే చెవులు విసురుకుంది. "జాబితా ఏదీ?" అంది.

వడ్రంగిపిట్ట బెరడు చూపించింది. మందయానమ్మ తొండంతో ఒక్కో పేరూ తడుముతూ పోయింది. కిందికంటా వెళ్ళి, మళ్ళీ పైకొచ్చింది.

"రాజుగారి పేరేదీ?"

వడ్రంగిపిట్ట గర్వంగా ముందుకొచ్చింది. "కొట్టేశానండీ! చుక్క లేదు. తీర్మానం మీద ప్రభువుల పంజా ముద్రే ఉంది, చూడండి. కార్యదర్శిగారిదీ కొట్టేశాను. నా దగ్గర పక్షపాతం ఉండదండీ."

దస్త్రయ్య తోక కాళ్ళ మధ్యకి పోయింది.

"అయితే ఈ లెక్క ప్రకారం, ఈ సింహాసనం మీద కూర్చున్నవారు ఈ అడవివారు కారన్నమాట" అంది మందయానమ్మ, ఎంతో మర్యాదగా. "సాయంత్రం దాకా ఉంటాను. ఈలోపు పేరూ చుక్కా రెండూ కనబడితే సరి. లేకపోతే 'రాజు లేని అడవి' అని రాసుకుని పోతాను. నాకు రాయడం వచ్చు."

ప్రచండకేసరి లేచి గుహలోకి వెళ్ళిపోయాడు. వెనకే దస్త్రయ్య, వెనకే కంటకమ్మ.

గుహలో అడవి రాజు ఒక మూల ముడుచుకుని కూర్చున్నాడు. "నొప్పి పుడుతుందా?" అని అడిగాడు, చిన్న గొంతుతో.

"చీమ కుట్టినట్టు ఉంటుంది ప్రభూ."

"చీమ కుడితే కూడా నేను అరుస్తాను కంటకమ్మా! నిద్రలో ఉన్నానని రెండుసార్లు అబద్ధం ఎందుకు చెప్పించాననుకున్నావ్? ఇక్కడ కుయ్యోమంటే నాలుగువందల మందీ వింటారు. రేపటి నుంచి నా గర్జన ఎవడు పట్టించుకుంటాడు?"

దస్త్రయ్యకి బుర్ర వెలిగింది. "ప్రభూ, ఎవరూ లేని చోటికి పోదాం. జాబితా చూశారుగా. ఏటి అవతల సున్నా! పిట్ట కూడా ఉండదు. అక్కడ మీరు తనివితీరా అరవచ్చు."

రాయించింది తనే. నాలుగు రోజులు ఆ సున్నాని మురిపెంగా చూసుకుని చూసుకుని, దాన్ని తనే నమ్మేశాడు.

కంటకమ్మ ఆ మాట విని నోరు తెరవబోయింది. వెంటనే మూసుకుంది. తర్వాత, నేల చూపులు చూస్తూ, "చిత్తం. కాని ఒక చిక్కుందండీ. పేరు లేనివారికి టీకా వెయ్యకూడదని కార్యదర్శిగారే చెప్పారు. చుక్క లేనివారికి పేరుండదని తీర్మానం. చుక్క కావాలంటే పేరు కావాలి, పేరు కావాలంటే చుక్క కావాలి" అంది.

"ఆ తీర్మానం రద్దు!" అని గర్జించాడు రాజు. గుహ బయట వడ్రంగిపిట్ట వెంటనే టక్కుటక్కు మొదలుపెట్టింది. కొట్టేసిన పేర్లన్నీ మళ్ళీ చెక్కడం దానికి ఇంకా ఇష్టం.

"ఎన్ని గొట్టాలు తేవాలి ప్రభూ?" అంది కంటకమ్మ. "మీకొకటి, కార్యదర్శిగారికొకటి, రెండు చాలు. దారిలో ఒకటి పగిలితే మాత్రం మళ్ళీ ఇక్కడికొచ్చి, అందరి ముందూ..."

"అన్నీ తీసుకురా!" అన్నాడు రాజు. "రెండువందల నలభై! ఒక్కటి తగ్గినా ఊరుకోను!"

"ఏరు ఎక్కడ లోతు తక్కువో తెలిసిన మనిషి కూడా కావాలండీ. మెల్లయ్య తాత ఉన్నాడు. కాకపోతే నడిపిస్తే పంతొమ్మిది రోజులు పడుతుంది."

అలా దస్త్రయ్య నడుముకి అటో బుట్ట ఇటో బుట్ట గొట్టాలు, వీపు మీద తాబేలు. "కాస్త కుదుపు లేకుండా నడువు నాయనా, నాకు అలవాటు లేదు" అన్నాడు తాత.

మధ్యాహ్నానికి ఏరు దాటారు. జమ్ముగడ్డి పక్కన రాజుగారు ఒక రాయి చూసుకుని కూర్చుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కంటకమ్మ ముల్లు తీసింది. గుచ్చింది.

"అమ్మోయ్! చచ్చానురోయ్!"

ఆ కేకకి బొరియలన్నీ కదిలాయి. జమ్ములోంచి నీటిపిల్లులు, నీళ్ళలోంచి తాబేళ్ళు, తొర్రల్లోంచి కళ్ళు నులుముకుంటూ గుడ్లగూబలు. రాజుగారు కళ్ళు తెరిచేసరికి రెండువందల ముప్పై ఏడుమంది చుట్టూ నిలబడి ఉన్నారు.

ఆయన ఏరు దాటి ఎప్పుడూ వచ్చింది లేదు. అందుకని అక్కడెవరికీ ఆయన మొహం తెలియదు.

"ఎవరే కంటకమ్మా, ఈ జుట్టాయన? పాపం, ఒళ్ళు చూస్తే అంత ఉంది, సూదికే ఏడుస్తున్నాడు!" అంది ఒక ముసలి నీటిపిల్లి. "ఏడవకు నాయనా, అయిపోయింది. ఊరుకో, ఊరుకో." దాని మనవరాలు ముందుకొచ్చి కాలు చాపింది. "నాకు వెయ్ అత్తా! నేను ఏడవను, చూడు."

ఏడవలేదు. దాంతో పిల్లలందరికీ పౌరుషం వచ్చింది. పిల్లల్ని చూసి పెద్దలకి. పొద్దు వాలేలోపు గొట్టాలు ఖాళీ. మెల్లయ్య తాతకి మెడ మీదే వేసింది. ఆఖరి గొట్టం దస్త్రయ్యది. ఆయన ముల్లు తగలకముందే మూర్ఛపోయాడు. కంటకమ్మకి పని సులువైంది.

మందయానమ్మ ఏటి ఒడ్డుకే వచ్చి లెక్క చూసుకుంది. ఆరువందల నలభైకి ఆరువందల నలభై. రాజుగారి చెవి మీద చుక్క రెండుసార్లు తడిమి చూసి, "బోర్డు ఎక్కడ పెట్టమంటారు?" అంది.

"అది తర్వాత. నెల పోయాక రెండో డోసు ఉందటగా?" అన్నాడు ప్రచండకేసరి. ఆయన మొహం పాలిపోయింది. దస్త్రయ్యని లేపి చెవిలో చెప్పాడు. "ఈసారి ఇంకా దూరం వెతుకు. నిజంగానే ఎవరూ లేని చోటు."

అప్పట్నుంచీ దస్త్రయ్య వెతుకుతూనే ఉన్నాడు. లోయల చివర, గుట్టల వెనక, వాగుల మొదట్లో. వెనకాల బుట్టతో కంటకమ్మ. వెళ్ళిన ప్రతిచోటా ఏ జాబితాకీ ఎక్కనివాళ్ళు ఎవరో ఒకరు ఉంటారు. ఉన్నవాళ్ళకల్లా టీకా పడుతుంది. రాజుగారు ఇంకా ముందుకి పదమంటారు.

నీతి: వైద్యం అడవి చివరిదాకా అందాలంటే, రాజుగారికి సూదంటే భయమైనా ఉండాలి.