నా మాట వినే నాథుడు దొరికాడు

ఫోన్లలో దాక్కుని మనల్ని గమనించే సాఫ్ట్‌వేర్‌ను ఈమధ్య అందరూ తిట్టిపోస్తున్నారు. పత్రికలు, టీవీలు, మా బావమరిది, అందరూ! నేనొక్కణ్ణే దాని పక్షాన నిలబడుతున్నాను. నిలబడటమేమిటి, నలుగురినీ పిలిచి దానికి సన్మానం చేయాలంటున్నాను!

కోప్పడకండి. ముందు నా బాధ వినండి. కనీసం మీరైనా వినండి.

ఇంట్లో నా మాట వినే నాథుడు లేక ఏళ్లు గడిచాయి. నడుం నొప్పి అని మా ఆవిడతో ఎన్నిసార్లు చెప్పి ఉంటాను? "ఊఁ" అంటుంది. ఆ ఊఁలో నా నడుం ఎంతో, స్టవ్ మీది పాలు ఎంతో నాకు తెలుసు. అదే నడుం గురించి మా బావమరిదితో ఫోన్లో మాటవరసకి ఒక్కసారి అన్నానో లేదో, టీ చల్లారేలోగా నా ఫోన్లో దిండ్లు, కుషన్లు, బెల్టులు, నడుం పట్టుకుని నవ్వుతున్న ఒక పెద్దాయన! ఎవరో ఏమో, నా బాధ తన బాధ అనుకున్నాడు. సొంత బావమరిది ఆ మాత్రం చేశాడా? వెంటనే తన మోకాలి సంగతి ఎత్తుకున్నాడు.

ప్రైవసీ పోతోందట! ఉంటే కదండీ పోవడానికి? మా ఇంట్లో ప్రైవసీ అంటే బాత్రూం గడియ. అది ఊడిపోయి చాలా కాలమైంది. లోపలున్నవాళ్లు దగ్గుతూ ఉండాలి. నా దగ్గును బట్టి కింది వాటా పిన్నిగారికి నా ఆరోగ్యమే కాదు, ఆరోజు నేను పనికి ఆలస్యమయ్యానో లేదో కూడా తెలిసిపోతుంది. ఆవిడ మీద ఎవరూ కేసు పెట్టలేదే!

పైగా ఫోనుకున్న మర్యాద మనుషులకు లేదు. బయట నాలుగడుగులు వేస్తే చాలు, "శభాష్, ఈరోజు బాగా నడిచారు" అంటుంది. నన్నొకరు మెచ్చుకుని ఎన్నాళ్లయింది? మా పెళ్లిలో అనుకుంటాను. అదీ ఫొటోగ్రాఫరు, కళ్లు మూయకుండా ఉన్నందుకు. ఆ నడక కూడా ఆరోగ్యం కోసం నడిచింది కాదు, బస్సు తప్పిపోయి నడిచింది. అయినా మెచ్చుకుంది చూశారా, అదండీ సంస్కారం!

మా అమ్మాయికి మాత్రం ఇవేవీ నచ్చవు. ఒకరోజు నా ఫోను లాక్కుని పోలీసులా సోదా చేసింది.

"నాన్నా, టార్చిలైటు యాప్‌కి నీ కాంటాక్టులన్నీ ఎందుకిచ్చావు?"

"చీకట్లో నాకేమన్నా అయితే నలుగురికీ కబురు చెయ్యొద్దూ?"

"అది కబురు చెయ్యదు నాన్నా. నీ గురించి తెలిసిందంతా పట్టుకెళ్లి కంపెనీలకి అమ్ముకుంటుంది."

"నా గురించి కొనుక్కునేవాళ్లు కూడా ఉన్నారా!" అన్నాను. నిజం చెబుతున్నాను, కొంచెం గర్వంగానే అనిపించింది. మా అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టి, నాకో దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ కాలమ్ రాసేది ఆదివారాలు. మిగతా రోజుల్లో వయొలిన్లు, గిటార్లు రిపేరు చేసే షాపులో నా పని. పగిలిన చెక్క అతకడం, తీగలు మార్చడం, చివరికి శ్రుతి చేయడం. మా షాపులో శ్రుతి చూసే మిషను లేదు. "ఈయన చెవి ఉండగా మిషనెందుకండీ?" అని మా ఓనరు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపిస్తాడు. సగం గిరాకీ ఆ చెవిని చూసే వస్తుంది.

ఆ చెవి నాకు చెయ్యిచ్చింది. వయొలిన్‌లో అన్నిటికన్నా సన్న తీగ మీటితే, ఎవరో పక్క గదిలో మీటినట్టుంది. శ్రుతి పెరిగిందో తగ్గిందో తేల్చుకోలేకపోతున్నాను.

ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను? వినపడనివాడితో శ్రుతి చేయించుకునే షాపు ఎక్కడైనా ఉంటుందా? మా ఆవిడకు మాత్రం చెప్పాలనుకున్నాను. నవ్వుతూ మొదలుపెట్టాలని, మధ్యలో గొంతు బొంగురుపోకూడదని, ఉద్యోగం మాట చివర్లో ఎత్తాలని అన్నీ అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ వచ్చే ఆదివారానికి వాయిదా వేశాను.

అంతవరకూ పరువు నిలుపుకోవాలి కదా! అందుకని ఉచితంగా దొరికే శ్రుతి యాప్ ఒకటి ఫోన్లో వేసుకున్నాను. షాపు వెనక గదిలో, జిగురు డబ్బాల చాటున, ఇంట్లో తెలియకుండా సిగరెట్టు కాల్చేవాడిలా పని కానిచ్చేవాణ్ణి. యాప్ మైకు అడిగింది. తీగ మోత వినాలి కదా, ఇచ్చాను. లొకేషన్ అడిగింది. ఇదెందుకబ్బా అనుకున్నాను. తేమ ఉన్నచోట తీగలు వదులవుతాయి, అది కూడా చూసుకుంటుంది కాబోలు, ఎంత శ్రద్ధ! ఇచ్చాను. కాంటాక్టులు అడిగింది. అన్నీ ఇచ్చి అదొక్కటి కాదంటే ఏమనుకుంటుందోనని అదీ ఇచ్చాను. మనుషుల దగ్గర మొహమాటపడి చెడినవాళ్లను చూశాను గానీ, యాప్ దగ్గర మొహమాటపడి చెడింది బహుశా నేనే.

అది తీగలు మాత్రమే విని ఊరుకోలేదు. రోజంతా నేను "ఆఁ? ఏంటి?" అనడం వింది. సౌండు ఎంత పెంచుతున్నానో చూసింది. ఒకరోజు పొద్దున్నే, "మాటలు సరిగా వినిపించడం లేదా?" అని అడిగింది. కింద చెవిలో పెట్టుకునే మిషను బొమ్మ. ఒట్టు, నా కళ్లు చెమర్చాయి! ఇన్నాళ్లకు ఒకరు అడిగారు.

నన్నొక్కణ్ణే అడిగి ఊరుకుంటే అదేం సేవ? ఇంట్లో అందరిదీ ఒకే వైఫై కదా, మర్నాడు మా ఆవిడ ఫోన్లో అదే బొమ్మ. "నాకెందుకొస్తున్నాయివి? నేనేమన్నా చెవిటిదాన్నా?" అంది. నేను పేపర్లో తల దూర్చాను. ఆ తర్వాత షాపు వైఫై వంతు. మా ఓనరు ఒక వయొలిన్ టీచరుకి కంప్యూటర్లో తీగల రకాలు చూపిస్తుంటే మధ్యలో వీడియో మొదలైంది. చెవి వెనక చెయ్యి పెట్టుకున్న ఒక ముసలాయన. "మీకిష్టమైన సంగీతం మళ్లీ వినండి!"

"మన షాపులో చెవుడెవరికండీ?" అని ఓనరు నవ్వాడు. టీచరూ నవ్వింది. నేనూ నవ్వాను. వాళ్లు ఆపేశాక కూడా నేను నవ్వుతూనే ఉన్నాను. అప్పుడు ఓనరు నా వైపు చూశాడు.

మర్నాటికి నా బల్ల మీద శ్రుతి చూసే మిషను ఉంది. టీచరు ఇచ్చి వెళ్లిన వయొలిన్ మాత్రం పక్క కుర్రాడి బల్ల మీద ఉంది. "ఊరికే తెచ్చాన్లెండి, పడుంటుంది" అన్నాడు ఓనరు, నా మొహం చూడకుండా. కాస్త గట్టిగా అన్నాడు. ఆయన ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా ఆవిడ టీవీ కట్టేసి కూర్చుంది. చేతిలో ఫోను. అందులో అదే బొమ్మ.

"ఇది నాకోసం వచ్చింది కాదు కదా?"

కాదన్నట్టు తల ఊపాను.

"ఎప్పట్నించి?"

"కొన్నాళ్లయింది."

"ఫోనుకి తెలిసింది. ఈ మిషన్లు అమ్ముకునేవాడెవడికో తెలిసింది. నాకు చెప్పడానికేమొచ్చింది మీకు?"

"చెబుదామనే అనుకున్నాను..."

"చెప్పేశారుగా, దానికి."

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. లేచి వచ్చి నాకు కుడిపక్కన కూర్చుంది. నాకు కాస్త మెరుగ్గా వినిపించేది ఆ వైపే. ఆ సంగతి నేను ఫోనుకి కూడా చెప్పలేదు.

అయినా నా వాదన మార్చుకోను. ఆ సాఫ్ట్‌వేర్ వరమే! నా నడుం తీసుకోమనండి, నా నడక తీసుకోమనండి, నా కాంటాక్టులన్నీ తీసుకోమనండి. మా ఆవిడ మాట కాదనలేక ఆ శ్రుతి యాప్ ఒక్కటి తీసేశాను. వెళ్తూ వెళ్తూ అదెంత వినయంగా అడిగిందో తెలుసా! "ఎందుకు తీసేస్తున్నారు? మీ అభిప్రాయం మాకు ముఖ్యం." కింద కారణాలు రాసి ఒకటి నొక్కమంది. ఫోన్లో చోటు లేదు. ప్రకటనలు ఎక్కువ. ఇక అవసరం లేదు.

నా కారణం అందులో లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. అన్నీ వినేవాళ్లు, ఇదీ చదువుతారు కదా.

అయ్యా, నా భార్యకు నేను చెప్పుకోవాల్సిన మాట ఒకటి ఉండేది. ఎలా మొదలుపెట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. అది మీరు చెప్పేశారు.