డిస్కు గెలిచిన అడవి

ఒక పెద్ద అడవి, అందులో ఒక చిన్న తొర్ర, ఆ తొర్రలో నలభై రెండు వీడియోగేమ్ డిస్కులు. లవంగం అనే ఉడుత వ్యాపారంలోకి దిగిన రోజున దాని ఆస్తి అంతే. నిల్వ నలభై రెండు, అప్పు సున్నా, అనుభవం సున్నా. ఉత్సాహం మాత్రం ఏ లెక్కకూ అందదు.

ఆ అడవిలో అందరికీ ఒకటే ఆట పిచ్చి. ఆట పేరు ‘మనిషి’, అప్పటికి రెండు భాగాలొచ్చాయి. ఆడేవాళ్లు మనిషి అవతారమెత్తి ఒక ఆదాయ ధ్రువపత్రం సంపాదించాలి. మెట్టుకో గుమాస్తా ఉంటాడు. ఒకడు జిరాక్స్ అడుగుతాడు. ఇంకొకడు ఆ జిరాక్స్ మీద సంతకం అడుగుతాడు. మరొకడు భోజనానికి వెళ్లి ఇక రాడు. జంతువులు ఆడుతూ పడీపడీ నవ్వేవి. "ఇలాంటి బతుకు ఎక్కడైనా ఉంటుందా!" అని కళ్లు తుడుచుకునేవి.

లవంగం పద్ధతి సులువైనది. ఆడేసిన డిస్కు తెచ్చివ్వాలి, ఐదు పల్లీలు పెట్టాలి, ఇంకో డిస్కు పట్టుకుపోవాలి. డిస్కు మీద గీతలుంటే ఆరు పల్లీలు. ఏడాది తిరిగేసరికి ఒక్కో డిస్కు పదకొండు ఇళ్లు చూసింది. నలభై రెండు పదకొండ్లు నాలుగు వందల అరవై రెండు. ఆ అంకెను లవంగం తొర్ర బయట బొగ్గుతో ఇంత లావున రాసుకుంది.

తొర్ర మాత్రం దానిది కాదు, అడవి మండలిది. మండలి అధ్యక్షుడు జుంటయ్య అనే ఎలుగుబంటి మొదట్లోనే చెప్పింది.

"ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతున్నంత కాలం వాడుకోరా. ఆగిపోయిన రోజున ఖాళీ చెయ్యాలి."

పల్లీలు పోతే లవంగం మళ్లీ ఏరుకోగలదు. తొర్ర పోతే దానికి పడుకునే చోటు కూడా లేదు.

ఇలా ఉండగా ధవళేశ్వర్రావు అనే కొంగ వచ్చింది. ‘మనిషి’ ఆటను తయారుచేసే చెరువవతలి కంపెనీకి అది ప్రతినిధి. ఒంటికాలి మీద నిలబడి, కళ్లు సగం మూసుకుని మాట్లాడేది. అలా మాట్లాడేవాళ్లు అబద్ధం చెప్పరని అడవిలో గట్టి నమ్మకం. చేపలు మాత్రం నమ్మేవి కావు. కానీ చేపలకు ఓటు లేదు.

కొంగ తొర్ర మీది అంకె చదివింది.

"నాలుగు వందల అరవై రెండు ఇళ్లలో ఆడారన్నమాట. కొన్నవి ఎన్ని బాబూ?"

"నలభై రెండండీ," అంది లవంగం గర్వంగా.

"మిగతావి?"

లవంగానికి తీసివేత క్షణం పట్టదు. "నాలుగు వందల ఇరవై..." అని ఆగిపోయింది.

"చూశావా, వాళ్లెలాంటి వాళ్లో అంకే చెబుతోంది," అంది కొంగ.

మర్నాడు మండలి కూర్చుంది. ‘మనిషి’ మూడో భాగం రాబోతోంది. దాన్ని డిస్కుగా తెచ్చుకోవాలా, డిజిటల్‌గా దించుకోవాలా అన్నది చర్చ.

"డిస్కు గీతలు పడుతుంది, చోటు తింటుంది, పిల్లలు దాని మీద కూర్చుంటారు," అంది కొంగ. "డిజిటల్‌కి చోటే అక్కర్లేదు. మీట నొక్కితే ఆట ఇంటికొస్తుంది."

"ధరెంత నాయనా?" అంది సూదమ్మ అనే ముసలి ముళ్లపంది.

"డిస్కు ధరే అమ్మా."

"అదేం లెక్క? డిస్కు లేదు, పెట్టె లేదు, మోసుకొచ్చే గాడిదకు కూలి లేదు. తగ్గాలి కదా?"

"అవన్నీ లేకుండా చెయ్యడానికే అంత ఖర్చయిందమ్మా."

తొండ తలూపింది. తొండ మండలి కార్యదర్శి. ఎవరేమన్నా తలూపడమే దాని విద్యార్హత.

లవంగం లేచింది. "ఆడేశాక అమ్ముకోవచ్చా అండీ?"

"కుదరదు."

"చెల్లెలికి ఇవ్వొచ్చా?"

"కుదరదు."

"మీ కంపెనీ మూతపడితే?"

"ఆట కూడా మూతపడుతుంది. జ్ఞాపకాలు మాత్రం మీవే. వాటికి మేం అదనంగా ఏమీ తీసుకోం."

తొండ మళ్లీ తలూపింది. జుంటయ్యకు ఎటూ తోచలేదు. తోచనప్పుడు ఎన్నిక పెట్టడం దానికి అలవాటు.

లవంగం పది రోజులు చెట్టు చెట్టూ తిరిగింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే లెక్క చెప్పింది. డిస్కయితే పదకొండు ఇళ్లకు ఒక్క ధర, డిజిటలయితే పదకొండు ఇళ్లకు పదకొండు ధరలు. కొంగ ఏ ఇంటికీ వెళ్లలేదు. తొండ ఇంటికి మాత్రం ఒకసారి టీకి వెళ్లింది.

ఫలితం వచ్చింది. డిస్కుకు రెండు వందల పద్నాలుగు, డిజిటల్‌కు రెండు వందల ఐదు. చెల్లనివి పదమూడు, వాటిని దుప్పులు తినేశాయి.

తొమ్మిది ఓట్ల ఆధిక్యం! లవంగాన్ని ఏనుగు మీద ఊరేగించారు. కొంగ స్వయంగా వచ్చి దండ వేసింది. "ప్రజల తీర్పు శిరసావహిస్తాం," అంది, కళ్లు సగం మూసుకునే.

లవంగం వానాకాలానికి దాచుకున్న పల్లీలన్నీ కట్టేసి ముప్పై పెట్టెలకు ఆర్డరిచ్చింది. పదిహేను రోజులకు పెట్టెలొచ్చాయి. మెరిసే రంగులు, మీద టై కట్టుకున్న మనిషి బొమ్మ. అడవంతా చుట్టూ మూగింది. లవంగం మొదటి పెట్టె తెరిచింది.

లోపల డిస్కు పెట్టే గుంట ఉంది. డిస్కు లేదు. ఒక చీటీ ఉంది. చీటీ మీద పదహారు అక్షరాల కోడ్, దాని కింద ఒక వాక్యం: ‘ఈ కోడ్ ఒక్క కొనుగోలుదారుకే పనిచేయును. మీరు కొన్నది ఆట కాదు, ఆడుకొనుటకు అనుమతి.’

లవంగం చీటీ పట్టుకుని పరుగెత్తింది. "డిస్కేదండీ?"

"తీర్మానంలో ఏముందో చదువుకో బాబూ," అంది కొంగ.

తీర్మానం రాసింది తొండ. అందులో ఒకే ముక్క ఉంది: ‘ఆటను పెట్టెలో ఇవ్వవలెను.’

"డిస్కు అన్న మాటేది?" అని లవంగం తొండను నిలదీసింది.

తొండ తలూపింది.

"మాటల విషయంలో నేనే కాస్త సాయం చేశాను," అంది కొంగ వినయంగా. "టీ చాలా బాగుంది."

ఎన్నిక గెలిచిన లవంగానికి ఇప్పుడు అసలు లెక్క అర్థమైంది. వాడేసిన చీటీని ఎవరూ మార్చుకోరు. మార్పిడి లేకపోతే తొర్రకు ఎవరూ రారు. జుంటయ్య అప్పుడే వచ్చి గుమ్మం కొలిచి చూసుకుంది. "వచ్చే పౌర్ణమి దాకా చూస్తాన్రా. ఆ తరవాత నన్నేమీ అనొద్దు," అంది.

లవంగం ఏడవలేదు. ఆ అడవిలో అంతవరకూ ఎవరూ చెయ్యని పని ఒకటి చేసింది. చీటీ వెనక చీమతలకాయంత అక్షరాలతో ఉన్న నిబంధనలన్నీ చదివింది.

పంతొమ్మిదో నిబంధన: ‘కొనుగోలుదారు కుటుంబ సభ్యులందరూ ఒకే కోడ్‌తో ఎవరి ఇంట వారు ఆడుకొనవచ్చును.’ ఇరవై మూడో నిబంధన: ‘తెరవని పెట్టెలకు పూర్తి వాపసు.’

కుటుంబంలో ఎంతమంది ఉండొచ్చో రాయలేదు. కుటుంబమంటే ఎవరో అసలు రాయనే లేదు.

ఆ సాయంత్రమే లవంగం ఇరవై తొమ్మిది పెట్టెలు వాపసిచ్చి పల్లీలు తెచ్చేసుకుంది. కొంగ కళ్లు పూర్తిగా తెరవడం అడవి చూసింది అదే మొదటిసారి.

మర్నాడు తొర్ర ముందు బోర్డు వెలిసింది: ‘ఐదు పల్లీలకు కుటుంబంలో చేరండి.’

"నువ్వు పుట్టినప్పట్నుంచీ నేను నీకు అత్తనే కదరా! మళ్లీ పల్లీలెందుకు?" అంది సూదమ్మ.

"రిజిస్ట్రేషన్ అత్తా."

అసలే ఆ అడవిలో పలకరింపంటే వరస కలపడమే. మామా, బావా, పిన్నీ అనకుండా ఎవరూ నీళ్లు కూడా అడగరు. అలాంటిచోట చుట్టాలకు కరువేముంది? మూడు రోజుల్లో జాబితా నూట పదిహేడుకు చేరింది.

నూట పదిహేడోది జుంటయ్య. చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "నన్ను పెదనాన్నగా రాయరా. రెండో భాగంలో ముప్పై ఏడో మెట్టు దగ్గర ఆగిపోయాను. మూడో భాగంలో ఆ గుమాస్తాకి బదిలీ అయిందట, నిజమేనా?"

"నిజమే పెదనాన్నా. మరి నా తొర్ర?"

"వాళ్లు పల్లీలిస్తున్నారు, చుట్టరికం పుచ్చుకుంటున్నారు. ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఇంకేమిటి?" అని జుంటయ్య అక్కడికక్కడే తేల్చేసింది.

కంపెనీ లెక్కల్లో ఆ అడవిలో అమ్మకం ఒకటి, ఆడేవాళ్లు నూట పదిహేడు. కొంగ తనిఖీకి వచ్చింది.

"ఈ పాము మీకేమవుతుంది?"

"మేనమామండీ," అంది లవంగం.

"ఈ కప్ప?"

"మామగారి మరదలు."

"మరి ముంగిస?"

"మామగారికి బావ."

"పాము, కప్ప, ముంగిస ఒక కుటుంబమా? ఒకరి మొహం ఒకరు చూసుకోరే!"

"ఆస్తి తగాదాలున్నాయండీ. కుటుంబమని చెప్పడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?"

కొంగ నేరుగా మండలికి వెళ్లి కొత్త తీర్మానం పెట్టించింది. ‘కుటుంబమనగా ఒకే కప్పు కింద కనబడువారు.’ తొండ తలూపింది. జుంటయ్య సంతకం చేస్తూనే లవంగం వైపు వంగి, "నా ఆట పోదు కదరా?" అని గొణిగింది. శుక్రవారం తొర్రలో తలలు లెక్కపెట్టాలని నిర్ణయమైంది. తగ్గితే కోడ్ రద్దు.

లవంగం తొర్ర కొలిచింది. పొడవు మూడు మూరలు, వెడల్పు రెండు. నూట పదిహేడు ఒకేసారి పట్టవు. కానీ ఒకేసారి ఉండాలని తీర్మానంలో లేదు, కనబడాలనే ఉంది. లవంగం తొర్ర వెనక ఇంకో కన్నం తవ్వింది. ముందునుంచి దూరాలి, తొండ లెక్కకు తలూపగానే వెనకనుంచి జారుకోవాలి. తలకు నాలుగు సెకన్లు. నూట పదిహేడు నాలుగులు నాలుగు వందల అరవై ఎనిమిది. ఎనిమిది నిమిషాలకు పన్నెండు సెకన్లు తక్కువ.

శుక్రవారం అంతా లెక్క ప్రకారమే నడిచింది. పాముకీ కప్పకీ మధ్య ఇరవై తలల ఎడం పెట్టారు. సూదమ్మను ఆచితూచి పంపారు. తొండ జన్మలో మొదటిసారి తలూపి అలిసిపోయింది. నూట పదహారు అయ్యాయి. తరవాత జుంటయ్య వచ్చింది.

"మీరొద్దు పెదనాన్నా," అని లవంగం అడ్డం పడింది. "మీరు లోపల ఉన్నట్టు నేను రాసుకుంటాను."

"అధ్యక్షుణ్ణి పట్టుకుని దొంగలెక్క రాయిస్తావురా? తప్పు!" అని జుంటయ్య తల దూర్చింది.

తల పట్టింది. భుజాలు పట్టాయి. పొట్ట దగ్గర చెట్టు ఒకసారి మూలిగింది. తరవాత నడిమికి రెండుగా చీలిపోయింది.

దుమ్ము తగ్గాక చూస్తే జుంటయ్య మెళ్లో చెట్టుబెరడు దండలా వేలాడుతోంది. తొర్ర లేదు.

"పైన కప్పే లేదు, ఇక కుటుంబమెక్కడిది?" అని కొంగ రాసుకుంది.

గంటలో అన్ని తెరల మీదా ఒకే మాట వచ్చింది: ‘మీ అనుమతి ముగిసినది.’ జుంటయ్య అప్పటికి ముప్పై ఎనిమిదో మెట్టు గుమ్మంలో, చేతిలో నాలుగు జిరాక్సులతో నిలబడి ఉంది.

అడవంతా తిట్టింది. కొంగను కాదు, లవంగాన్ని. ఒక్క సూదమ్మే చెయ్యి పట్టుకుంది. "మా బొరియలో పడుకో నాయనా. ఇరుకే. ముళ్లు చూసుకో," అంది.

నాలుగో రోజు కొంగ ఆ బొరియ బయటకు వచ్చి, ఒంటికాలి మీద నిలబడింది.

"కంపెనీకి ఒక చిక్కొచ్చింది బాబూ. నిన్ను చూసి చుట్టుపక్కల ఏడు అడవులు వరసలు కలిపేసుకున్నాయి. అసలు చుట్టమెవరో, నకిలీ చుట్టమెవరో మాకు తెలియడం లేదు. నీకు తెలుసు. ఆ వరసలు కట్టింది నువ్వే కదా."

"ఏమిస్తారు?"

"రాతిగుహలో ఆఫీసు, ఎవరు దూరినా చీలదు. వెనక పడుకునే గది. రోజుకు నలభై పల్లీలు."

లవంగం ఏడాదికి గుణించుకుంది. పద్నాలుగు వేల ఆరు వందలు. "నేను డిస్కు పక్షం కదండీ?"

"ఉద్యోగికి పక్షమేమిటి?" అంది కొంగ.

సోమవారం నూట పదహారు మందికి నోటీసులు వెళ్లాయి: ‘చుట్టరికం రుజువు చేసుకొనవలెను, లేనిచో జరిమానా.’ నూట పదిహేడో నోటీసు అధ్యక్షుడిది కాబట్టి దారిలో ఎక్కడో జారిపోయింది.

గుహ బయట వరస పెద్దదే అయింది. అందరికన్నా ముందు సూదమ్మ నిలబడింది. "భయపడకండర్రా, లోపలున్నది మావాడే," అని వెనకవాళ్లకు ధైర్యం చెబుతోంది.

"లోపలికి రానా నాయనా?" అని గుమ్మంలోంచి తొంగి చూసింది.

లవంగం జాబితా సర్దుకుంది. ‘సూదమ్మ, అత్త’ అని తన దస్తూరీలోనే ఉంది. కలం మూత తీసి, ‘కూర్చోండి, మీరు నాకేమవుతారో ముందు రాతపూర్వకంగా ఇవ్వండి’ అనడానికి గొంతు సవరించుకుంది.

నీతి కావాలంటే రాసుకోండి: అందర్నీ ఒకే కుటుంబం చేసినవాణ్ణి వెంటనే ఉద్యోగంలో పెట్టుకోవాలి, జాబితా వాడి దగ్గరే ఉంటుంది.