రాయిలా లేని రాయి

పట్టణ సౌందర్య సంఘం వారు ఏకగ్రీవంగా తీర్మానించినదేమనగా: మన నేలలో పుట్టిన తేనెరంగు ఇసుకరాయి మనకు గర్వకారణం గనుక, ఇకపై పెద్దవీధిలో ప్రతి ఇంటి ముందుగోడా ఇసుకరాయిలాగే కనబడవలెను. రాయి తవ్వే గని ఎప్పుడో మూతపడింది. అందుచేత సంఘమే రాతిరంగును డబ్బాల్లో పంపింది. వారం తిరిగేసరికి సిమెంటు గోడలన్నీ తేనెరంగు పులుముకుని, మధ్యమధ్య నల్లగీతలు గీయించుకుని, తరతరాల రాతికట్టడాలైపోయాయి.

ఒక్క ఇల్లే ధిక్కరించింది. అది కుట్టుపని చేసుకునే పెద్దావిడది. రాళ్లు చెక్కే పనివాడైన ఆవిడ తండ్రి దాన్ని నిజమైన ఇసుకరాయితోనే కట్టాడు. ఎండకూ వానకూ అది బూడిదరంగుకు తిరిగింది. అంతకు మించి నేరమేమీ చేయలేదు.

సంఘాధ్యక్షులు స్వయంగా విచ్చేశారు. ఆయన ఆవిడ సొంత తమ్ముడే.

"అక్కా, నీ ఇల్లు ఇసుకరాయిలా లేదే!"

"ఇసుకరాయే కదరా. నాన్న చెక్కింది."

"రాయే, కాదనను. కానీ రాయిలా కనబడాలిగా! రంగు వేయించు. లేకపోతే నీ కుట్టుకొట్టు మూయించాల్సొస్తుంది."

"నాన్న ఉలిదెబ్బలు కప్పేయమంటావా?"

"కప్పితే ఏం? లోపల భద్రంగా ఉంటాయి."

ఆవిడ సూదిలో దారం ఎక్కించబోయింది. మానేసి సూది పక్కన పెట్టింది. తిండి పెట్టేది ఆ కొట్టే మరి. రంగు వేయించింది. ఆ ఏడు ఉత్తమ రాతిగృహం బహుమతి ఆ ఇంటికే దక్కింది. "ఈ ఇల్లు ఇన్నాళ్లకు రాతి ఇల్లయింది!" అని అధ్యక్షులవారు గద్గదస్వరంతో సెలవిచ్చారు. చప్పట్లు మారుమోగాయి.

వానలు పట్టాయి. సిమెంటు గోడలకేం కాలేదు. రాతిగోడ మాత్రం, రంగు కింద చెమ్మ బయటికి పోయే దారిలేక, ఒక మధ్యాహ్నం పెచ్చులుపెచ్చులుగా రాలింది. ఉలిదెబ్బలు రంగుతో సహా వీధిలో పడ్డాయి.

తమ్ముడు పరుగున వచ్చాడు. అక్క గుమ్మంలో కూలబడి, గుప్పెడు ఇసుక చేతిలోకి తీసుకుంది.

"భద్రంగా ఉంటాయన్నావు కదరా."

 ఆయన పక్కనే కూర్చుని కాసేపు పెచ్చులు ఏరాడు. తర్వాత సమావేశానికి వేళయిందని లేచాడు.

పెచ్చులూడిన చోట రాయి అసలు తేనెరంగుతో మిలమిలలాడుతోంది. అది డబ్బాలోని రంగుతో సరిపోలడం లేదని సంఘం గుర్తించి, గోడకు అడ్డంగా రాతిగోడ బొమ్మ అచ్చువేసిన గుడ్డతెర కట్టించింది. అంచులు కుట్టే పని, దయతో, ఆవిడకే అప్పగించింది.

ఇప్పుడు యాత్రికులు ఆ తెర ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మొన్న గాలికి తెర లేచింది.

"కాస్త పట్టుకోండమ్మా, వెనకాల గోడ కనబడి ఫొటో పాడవుతోంది," అన్నాడొక పెద్దమనిషి.

ఆవిడ పట్టుకుంది. ఫొటో చక్కగా వచ్చింది. మీరూ చూసే ఉంటారు. రాయంటే ఇదీ అని నలుగురికీ పంపించే ఉంటారు.