ఉత్తుత్తి మాత్ర ఎవరికి?

అన్యాయం ఎప్పుడూ వెతుక్కుంటూ తన దగ్గరికే ఎందుకొస్తుంది? బరువు తూచే యంత్రం మీద నిలబడి లిఫ్టు మెకానిక్ తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. యంత్రం జవాబు చెప్పలేదు. రెండు కిలోలు ఎక్కువ చూపించి ఊరుకుంది.

నిరుడు అతడూ భార్యా నోరు కట్టుకుని చెరో తొమ్మిది కిలోలు తగ్గారు. తగ్గిన బరువు తిరిగి రాకుండా ఒక పోషక మాత్ర ఆపగలదా అని ఆసుపత్రిలో పరీక్షిస్తుంటే ఇద్దరూ పేర్లిచ్చారు. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తిది. ఎవరికేదో డాక్టరుకు కూడా తెలియదు.

లెక్కల టీచరైన భార్య మాత్రం గ్రాము కూడా పెరగలేదు.

"నాకు పిండి ముద్ద అంటగట్టారు! పచ్చి మోసం!" అని అరిచాడతడు.

"సంతకం పెట్టేటప్పుడే చెప్పారుగా."

"చెప్పి చేస్తే మోసం కాకుండా పోతుందా?"

"ముందు ఆ బిస్కట్ల డబ్బా ఇటివ్వండి. అరుస్తూ తింటే పొలమారుతుంది."

ఆ కోపంలోంచి ఒక సిద్ధాంతం పుట్టింది. అసలు మాత్ర ఆమెకు దక్కింది, అవసరం తనకుంది. కనుక న్యాయం తానే చేసుకోవాలి. ఆమె స్నానానికి వెళ్లగానే ఆమె మాత్రలు తన సీసాలోకి, తనవి ఆమె సీసాలోకి ఒంపాడు. ఆమెవి అరిగిన మోకాళ్లనీ, మళ్లీ లావైతే మెట్లెక్కలేదనీ మూత పెడుతుండగా గుర్తొచ్చింది. మూత ఇంకా గట్టిగా బిగించాడు.

ప్రతి నెలా కొత్త సీసాలు వచ్చాయి. ప్రతి నెలా న్యాయం జరిగింది. అసలు మాత్ర అండ చూసుకుని అతడు రెండోసారి వడ్డించుకోవడం మొదలుపెట్టాడు.

మూడు నెలలకు మరో నాలుగు కిలోలు పెరిగాడు. ఆమె చెక్కు చెదరలేదు.

భార్యతో ఆసుపత్రికి వెళ్లి నర్సు మీద విరుచుకుపడ్డాడు. "మీ అసలు మాత్ర శుద్ధ దండగండీ!"

"మీది అసలుదని ఎవరు చెప్పారండీ?"

"మా ఇంట్లో ఒకటి అసలుది, ఒకటి ఉత్తుత్తిది. ఆమాత్రం తెలీదా?"

"అలా ఉండదండీ. ఒకే ఇంట్లోవాళ్లకి ఒకే రకం ఇస్తాం. సీసాలు తారుమారైనా పరీక్ష చెడకుండా. మొదటిరోజు కాగితంలోనే రాశాం."

అతడు గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు. వరండాలోకి రాగానే భార్య అంది, "మూడు నెలలుగా నా సీసా మూత ఊడక పక్కింటావిడని పిలుస్తున్నాను. అంతలా బిగించేది మనింట్లో ఒక్కరే."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నా మాత్రలు కూడా తిన్నాక ఇంకెవరి మీద పడతారో చూద్దామనుకున్నాను. చూసి నవ్వుకుందామనుకున్నాను. నవ్వు రావట్లేదు." ఆమె గొంతు గట్టిపడింది. "ఉత్తుత్తివని నమ్మే కదా నాకు పోశారు? నా మోకాళ్లు గుర్తు రాలేదా?"

"వచ్చాయి."

"వచ్చీ పోశారా?"

అతడు కోపం దించుకోవడానికి చోటు వెతికాడు. నర్సు, మాత్ర, ఆసుపత్రి, అందరూ నిర్దోషులై వెళ్లిపోయారు. వరండాలో మిగిలిన ముద్దాయి ఒక్కడే. ఇక వాడిని దాచకూడదనుకున్నాడు. నేరుగా వెళ్లి డాక్టరు తలుపు తట్టాడు.

"డాక్టరుగారూ, మూడు నెలలుగా మా ఆవిడ మాత్రలు దొంగిలించాను. రాసుకోండి."

డాక్టరు కలం తీసింది. "ముందు కూర్చోండి."

"నిలబడే చెబుతానండీ."

ఆ కుర్చీలో భార్య వచ్చి కూర్చుంది, వినడానికి.