సైటు పరిశీలనకు దింపిన శుక్రుడు

పనిస్థలాన్ని కళ్లారా చూడని కాంట్రాక్టరు టెండరు వేయరాదన్న నిబంధన ఉన్నందువల్ల, మాఘమాసంలో ఒక మంగళవారం ఉదయం పదిన్నరకు శుక్రగ్రహాన్ని గ్రహ పరిశోధన సంచాలకాలయం వెనుక ఖాళీ జాగాలో దింపారు. ఆ జాగా ఇరవై గుంటలు. సైటు విస్తీర్ణం ఇరవై గుంటలకు మించరాదని అదే నిబంధనలో రెండవ వాక్యం ఉంది కనుక గ్రహం అందులో సరిపోయింది. మూడు కంపెనీల ప్రతినిధులు వచ్చి, చుట్టూ ఒకసారి తిరిగి, చూసినట్టు సంతకాలు చేసి, క్యాంటీన్‌లో ఉప్మా తిని వెళ్లిపోయారు.

ఆ సంతకాల కాగితాన్ని డాక్టర్ తిరునగరి వైదేహి రెండో అంతస్తులోని తన గదిలో కూర్చుని చదివింది. శుక్రయాత్రకు ప్రధాన పరిశోధకురాలు ఆమే. ఇరవై ఆరేళ్ల కిందట ప్రతిపాదన మొదటి పేజీలో ఆమె ఒకే ఒక ప్రశ్న రాసింది: శుక్రుడి నేల ఎన్నడైనా నీటిని ఎరిగిందా? ఆ ప్రశ్నకు ప్రభుత్వం ఎనిమిది వందల నలభై కోట్లు మంజూరు చేయడానికి ఇరవై అయిదేళ్లు పట్టింది. ఆమె పదవీ విరమణకు ఇక పది నెలలు మిగిలి ఉన్నాయి. కిటికీ రెక్క తీస్తే ఆ నేల కింద కనబడుతోంది, పసుపు కలిసిన బూడిద రంగులో, నలభై అడుగుల దూరంలో.

ఆమె క్యాంటీన్ నుంచి ఒక చెంచా తీసుకుని కిందికి దిగింది. అప్పటికే ముళ్ల తీగ కంచె వేయించి, కాంట్రాక్టుల విభాగం సూపరింటెండెంట్ దస్తగిరి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కర్నూలు మనిషి, నిబంధనలను నమాజు తప్పనంత నిష్ఠగా పాటిస్తాడని పేరు.

"యాడికి పోతాండారు మేడమ్?"

"ఒక్క చెంచాడు మట్టి కావాలి దస్తగిరి గారూ."

"కుదరదు మేడమ్. ఇది సైటు. కాంట్రాక్టర్లకు చూపించినాక మనం కాలు పెట్టకూడదు."

"ఇది శుక్రుడే కదా?"

"శుక్రుడే. ఎవరు కాదన్నారు? కానీ మీకు మంజూరైంది నాలుగు కోట్ల కిలోమీటర్లు పొయ్యి చేసే పరిశోధన. అంత దూరం పొయ్యి తెచ్చిన మట్టికే గుర్తింపు. నడిచిపొయ్యి తెస్తే అది ఏ మట్టో ఎవరికి తెలుసు?"

వైదేహి చెంచాను తిరిగి క్యాంటీన్‌లో ఇచ్చేసింది. ఆ సాయంత్రం ఒప్పందం ముసాయిదాలోని నూట పన్నెండు పేజీలనూ చదివింది. ఎక్కడో ఒక తప్పు ఉండి తీరాలని ఆమెకు అనిపించింది. ప్రతి వాక్యమూ ముందు వాక్యం నుంచి న్యాయంగానే పుట్టింది. తప్పు మాత్రం దొరకలేదు.

టెండరు ముదునూరి తిరుపతిరాజుకు దక్కింది. పరిశీలన ముగిసింది కనుక గ్రహాన్ని ఇక యథాస్థానానికి పంపించాలి కదా అని వైదేహి ఆయనను అడిగింది. భీమవరం నుంచి వచ్చిన ఆ పెద్దమనిషి నొచ్చుకున్నాడు.

"దింపడం షెడ్యూల్లో ఉందండి మేడమ్ గారూ, ఎక్కించడం లేదండి. ఉంటే ఎక్కించేసేవాణ్ణి కాదాండీ? నాకెందుకండీ అది, మా వీధరుగు మీద పెట్టుకుంటానా ఏవిటి?"

"మరి మీ వాహనం ఎక్కడికి వెళుతుంది?"

"ఒప్పందంలో రాసిన చోటికేనండి. ఆ చోటు లెక్కగట్టి ఇచ్చింది తమరే కదండీ."

నిజమే. శుక్రుడు ఏ తేదీన ఆకాశంలో ఎక్కడ ఉండాలో ఏడు దశాంశాల వరకు లెక్కగట్టింది ఆమె. మళ్లీ సరిచూసుకుంది. లెక్క తప్పలేదు. తప్పింది గ్రహమే. అయితే గ్రహాన్ని దింపించిన ఉత్తర్వు కింద ప్రధాన పరిశోధకురాలి హోదాలో ఉన్నది కూడా ఆమె సంతకమే. ఆ రోజు సంతకానికి వచ్చిన పదిహేడు కాగితాల్లో అది పదకొండవది.

ఎండకూ వానకూ గ్రహం పాడు కాకుండా నీలిరంగు టార్పాలిన్ కప్పారు. గ్రహం వేడికి అది రెండుసార్లు కాలిపోయింది. మూడోసారి "కాలని టార్పాలిన్" అని బిల్లులో రాయించి కొన్నారు. ఆ తర్వాత కాలలేదు.

ఊళ్లో ఇబ్బంది వేరే దారిన మొదలైంది. ఆకాశంలో శుక్రుడు లేడు కనుక పంచాంగకర్తలు శుక్రమౌఢ్యం ప్రకటించారు. మౌఢ్యంలో పెళ్లిళ్లు చేయరు. మామూలుగా అది కొన్నాళ్లకు తొలగిపోతుంది. ఈసారి ఎప్పుడు తొలగుతుందో ఏ పంచాంగమూ చెప్పలేకపోయింది. కల్యాణ మండపాలకు తాళాలు పడ్డాయి.

ఒకరోజు ఉదయం కాపలాదారు మల్కయ్య చీపురు పట్టుకునే ఆమె గదిలోకి వచ్చాడు.

"మేడం, మా తమ్ముని లగ్గం ఆగింది. పంతులేమో శుక్రుడు లేడంటుండు. నేనేమో దినాం పొద్దుగాల ఆయన చుట్టే ఊడుస్తున్న. ఉన్నడని చెప్పాల్నా, వద్దా?"

వైదేహి కిటికీలోంచి కింది టార్పాలిన్ వైపు చూసింది. "నాకూ తెలియడం లేదు మల్కయ్యా," అంది.

"గంత సదివినోళ్లు మీకే ఎర్కలేకుంటె మేమేం గావాలె!" అని నవ్వి, మల్కయ్య చేతిలోని స్టీలు టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టాడు. "ఇది ఉంచుకోన్రి. గాలికి లేచి వరండల పడ్డ దుమ్ము. దినాం చెత్తకుండిల పోస్తున్న. చెత్తకు ఎవ్వల సంతకం అక్కర్లేదు గద."

ఆమె డబ్బాను ప్రయోగశాలకు తీసుకువెళ్లి తలుపు గడియ పెట్టుకుంది. మూడు రోజుల్లో మూడుసార్లు పరీక్షించింది. మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది. శుక్రుడి నేల నీటిని ఎరుగును. చాలాకాలం, చాలా లోతుగా ఎరుగును. ఇరవై ఆరేళ్ల ప్రశ్నకు జవాబు అరపేజీ అయింది. ఆ అరపేజీని ఆమె స్వయంగా తీసుకెళ్లి దస్తగిరి చేతికిచ్చింది.

దస్తగిరి రెండుసార్లు చదివాడు. "నమూనా యాడిది మేడమ్?"

"మల్కయ్య వరండాలో ఊడ్చి డబ్బాలో ఇచ్చిన దుమ్ము."

"అంటే చెత్త."

"చెత్తే. కానీ శుక్రుడిది."

"శుక్రుడి కాడికి మన వాహనం ఇంకా పోనే లేదు. పోకముందే జవాబు వస్తే, మరి పోయేది ఎందుకని పైవాళ్లు అడగరా? పోకుంటే మంజూరైంది ఖర్చు కాదు. ఖర్చు కాకుంటే వచ్చే ఏడు మీ ప్రశ్నకు గూడా దిక్కుండదు." అతడు అరపేజీని మర్యాదగా తిరిగిచ్చాడు. "జవాబు మీ కాడే భద్రంగా పెట్టుకోండి మేడమ్. టైము వచ్చినప్పుడు సూద్దాం."

వాహనం ఆషాఢంలో బయలుదేరి కార్తీకంలో నిర్దేశిత స్థానానికి సెకను తేడా లేకుండా చేరింది. అక్కడ ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడాన్ని నాలుగు వేల ఫోటోలు తీసి పంపింది. నియంత్రణ గదిలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తిరుపతిరాజు మైసూరుపాక్ పంచాడు. యాత్ర పూర్తిగా సఫలమైందనీ, నిర్దేశిత స్థానంలో గ్రహమేదీ కనబడలేదనీ నివేదిక తయారైంది. దాని మీద ప్రధాన పరిశోధకురాలి సంతకం ఒక్కటే కావాలి.

"నేను దీని మీద సంతకం చేస్తే కింద ఉన్నదాని గతేమిటి?" అని వైదేహి అడిగింది.

"గ్రహం లేదని తేలినాక కింద ఉండేది గ్రహం ఎట్లవుతాది మేడమ్? ఉత్త మట్టి. చదును చేసి బండ్లు నిలుపుకునే జాగా చేస్తారు. ఫైలు గూడా పెట్టినాము."

"చేయకపోతే?"

దస్తగిరి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇష్టం లేని మాట చెప్పే మనిషిలా గొంతు తగ్గించాడు. "చెయ్యకపోతే అది గ్రహమే. గ్రహమైతే మీ డబ్బాలో ఉండేది ప్రభుత్వ ఆస్తి. ఊడ్చి బయటికి ఇచ్చినోడు దొంగ. మల్కయ్యకు ఇంకా పద్నాలుగేండ్ల సర్వీసుంది మేడమ్. మీరు సంతకం పెడితే వాడు ఊడ్చింది చెత్త."

వైదేహి నివేదికను మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు చదివింది. ఒక్క అబద్ధం కోసం వెతికింది. ఒక్కటి దొరికినా చాలు, కలం కింద పెట్టేసేది. నిర్దేశిత స్థానంలో గ్రహం కనబడలేదు. నిజం. యాత్ర ఒప్పందం ప్రకారం జరిగింది. నిజం. గ్రహం లేనందున నేల గురించిన ప్రశ్న ఉత్పన్నం కాదు. ఈ వాక్యం దగ్గర ఆమె చాలాసేపు ఆగింది. పై రెండూ నిజమైనప్పుడు మూడవదాన్ని అబద్ధమని ఎలా నిరూపించాలో ఆమెకు తోచలేదు. సంతకం చేసింది. తన అరపేజీని నాలుగు మడతలు పెట్టి టిఫిన్ డబ్బాలో వేసి, మూత బిగించి ఇంటికి తీసుకువెళ్లింది. నెలాఖరుకు ఆమెకు శాలువా కప్పారు.

జాగాను చదును చేయడానికి నాలుగు రోజులు పట్టింది. అయిదవ రోజు అక్కడ పద్దెనిమిది కార్లు నిలిపారు. ఆకాశం నుంచి గ్రహం ఎలా మాయమైందో కనుగొనే రెండవ దశ పని తిరుపతిరాజుకే దక్కింది. మండపాల యజమానుల వినతిపత్రం మీద ప్రభుత్వం కూడా వెంటనే స్పందించింది. మార్గశిర శుద్ధ విదియ నుంచి శుక్రుడు ఉదయించినట్టే భావించాలనీ, పెళ్లిపందిట్లో పట్టపగలు అరుంధతిని చూసే విషయంలో అనాదిగా అమలులో ఉన్న పద్ధతినే ఇందుకూ వర్తింపజేయాలనీ ఉత్తర్వు వెలువడింది. ప్రజల నుంచి అభ్యంతరాలేవీ రాలేదు.

మల్కయ్య తమ్ముడి లగ్గం విదియ నాడే పెట్టుకున్నారు. మల్కయ్య రెండుసార్లు ఇంటికి వచ్చి మరీ పిలిచాడు కనుక వైదేహి వెళ్లింది. తలంబ్రాలు అయిన తర్వాత పంతులు వధూవరులను షామియానా బయటికి తీసుకొచ్చి, పదకొండు గంటల ఎండలో తల ఎత్తమన్నాడు.

"అదిగో అరుంధతి. కనబడిందా?"

"కనబడ్డది," అంది పెళ్లికూతురు, కళ్లు చికిలిస్తూ.

"సర్కారు ఉత్తర్వు ప్రకారం, అదిగో శుక్రుడు. కనబడ్డాడా?"

"కనబడ్డడు."

పెళ్లికొడుకు కూడా కనబడ్డడన్నాడు. చుట్టాలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. మల్కయ్య గుంపులోంచి వైదేహిని చేయి పట్టి ముందుకు తెచ్చాడు. అతడి ముఖం సంతోషంతో వెలిగిపోతోంది.

"మా మేడం ఇంత కాలం గాయన మీదనే పనిజేసింది. చెప్పున్రి మేడం, మీకు కనబడ్డడా?"

అందరూ ఆమె వైపు తిరిగారు. వైదేహి కళ్లద్దాలు సర్దుకుని పంతులు వేలు చూపిన వైపు చూసింది. ఎండ తప్ప ఏమీ లేదు. ఆ రోజు, ఆ గంటకు శుక్రుడు ఎక్కడ ఉండాలో ఏడు దశాంశాల వరకు ఆమెకు కంఠస్థం.

"కనబడ్డాడు," అంది. తర్వాత ఉండబట్టలేక, "కొంచెం ఎడమకు చూపించండి పంతులు గారూ," అంది.

పంతులు వేలు జరిపాడు. ఇప్పుడు ఇంకా బాగా కనబడుతున్నాడని అందరూ అన్నారు.